చివరి మంచు తేదీ అడిగే యాప్‌ను మా అనంతపురం పెరటికి సరిచేశాను

కూరగాయల మడులు వేసుకోవడానికి వాడే ప్లానర్ యాప్ మొదట అడిగేది ‘చివరి మంచు తేదీ’. చలిదేశాల్లో మంచు గడ్డకట్టడం ఆగాకే నారు బయట నాటుతారు, అక్కడ ఆ లెక్క సరైనదే. అనంతపురంలో మొక్కకు గండం ఎండే. పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలిపోతుంది. యాప్ మాత్రం ఏప్రిల్‌లో నాటమనేది.

కోడ్ ఎవరైనా మార్చుకోవచ్చు కాబట్టి ఆ తేదీ తీసేసి, ఒక్కో పంటకు విత్తే నెలలు పెట్టాను. పక్కనే కార్తె పేరు కూడా. మృగశిర అంటే ఎప్పుడో మా అమ్మకు వేరే చెప్పక్కర్లేదు.

అసలు తలనొప్పి బెండతో. విత్తిన 50 రోజులకు ‘కోత’ అని వేసి, మర్నాటికే మడి ఖాళీ అని చూపించేది. బెండ కోత అప్పుడే కదా మొదలయ్యేది! రోజు విడిచి రోజు కోస్తుంటే ఇంకో నెలపైనే కాస్తుంది. అందుకని ‘మొదటి కోత’, ‘చివరి కోత’ అని రెండు గడులు చేసి, మడి ఖాళీ అయ్యే లెక్కను రెండోదానికి కట్టాను. ముల్లంగికి రెండిటికీ ఒకే తేదీ సరిపోతుంది. కాస్తున్న బెండ మడిలో పాలకూర చల్లమని ఇప్పుడు చెప్పడం లేదు. వంగకైతే ఈ మార్పు ఇంకా అవసరం, అది నెలల తరబడి కాస్తుంది.