సున్నా కోడిగుడ్డులా కనిపిస్తోందా? లినక్స్‌లో కొత్త వెడల్పు మానిటర్ సమస్యలు - పరిష్కారాలు

కొత్త మానిటర్ తగిలించి ఉబుంటు గానీ, లినక్స్ మింట్ గానీ తెరవగానే ఏదో ఒక తెలుగు పేజీ పెట్టి సున్నా వంక చూడండి. గుండ్రంగా ఉంటే మంచిదే. పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉంటే మానిటర్‌కి సరైన రిజల్యూషన్ (తెర అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో, అంటే పిక్సెళ్లో చెప్పే లెక్క) అందడం లేదు. 1024×768 బొమ్మను 1920×1080 తెర నిండా సాగదీసినా, 1920×1080 బొమ్మను 2560×1080 తెర నిండా సాగదీసినా లెక్క ఒకటే: 3 సెంటీమీటర్ల సున్నా అడ్డంగా 4 సెంటీమీటర్లవుతుంది. పెళ్లి శుభలేఖలు, సిరిమానోత్సవం ఫ్లెక్సీలు కట్టే డీటీపీ షాపులో ఈ తేడా తెలియకపోతే, తెరమీద బాగున్న అక్షరం ప్రింటులో ఇరుగ్గా వస్తుంది.

శ్రీకాకుళంలోనైనా, బొబ్బిలిలోనైనా కొత్త వెడల్పు మానిటర్ తరచు చేరేది పాత సీపీయూ బాక్సు పక్కకే. అందుకే చిక్కులన్నీ దాదాపు రెండు మూలాల దగ్గరే తేలతాయి. ఒకటి, మానిటర్ తన వివరాలను కంప్యూటర్‌కి చెప్పుకోలేకపోవడం. రెండు, చెప్పుకున్నా అంత బొమ్మను మోసే శక్తి ఆ పోర్టుకి లేకపోవడం. కమాండ్లు కొట్టడం చివరి మెట్టు. చాలామంది దాంతోనే మొదలుపెట్టి, పాడైన కేబుల్ మీద రోజంతా కుస్తీ పడతారు.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. పోర్టుల పేర్లు మాత్రం పెద్ద అక్షరాలు. కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉంటే ముందే ఇంగ్లీషుకి మార్చుకోండి.

ముందు మానిటర్‌నే అడగండి

మానిటర్ అంచున ఉన్న బటన్ నొక్కి మెనూలో ఇన్ఫర్మేషన్ తెరవండి. ప్రస్తుతం అందుతున్న రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతోందో, హెర్ట్జ్‌లో) అక్కడ ఉంటాయి. కంప్యూటర్ సెట్టింగ్స్ ఏం చెప్పినా తెరకి నిజంగా చేరుతున్నది ఇదే. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసుకుని, మీ లక్షణం కింద ఏదో చూడండి.

లక్షణం: 1024×768 దాటడం లేదు, సెట్టింగ్స్‌లో వేరే రిజల్యూషన్ కనబడదు

ప్రతి మానిటర్‌లోనూ తన రిజల్యూషన్ల పట్టిక దాచుకున్న చిన్న చిప్పు ఉంటుంది. ఆ పట్టికను ఈడీఐడీ అంటారు. అది 128 బైట్ల ముక్కలుగా కేబుల్‌లోని రెండు సన్నటి తీగల మీదుగా కంప్యూటర్‌కి వస్తుంది. అది రాకపోతే లినక్స్ రిస్కు తీసుకోదు, 1024×768 దగ్గర ఆగిపోతుంది.

పట్టిక వచ్చిందో లేదో ఇలా తేల్చుకోండి. టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) "డబ్ల్యూసీ -సీ /సిస్/క్లాస్/డీఆర్‌ఎం/*/ఈడీఐడీ" కొట్టండి. సిస్ అంటే ఎస్-వై-ఎస్. మీ పోర్టు పేరు ఎదురుగా 128, 256 లాంటి అంకె వస్తే పట్టిక అందింది. 0 వస్తే అందలేదు. ఫైల్ మేనేజర్‌లో సైజు చూసి నమ్మకండి, అక్కడ ఎప్పుడూ 0 అనే ఉంటుంది.

0 వచ్చింది, వీజీఏ కేబుల్ వాడుతున్నారు. అయితే కేబుల్ ఊడదీసి ప్లగ్గును మీ వైపు తిప్పండి, వెడల్పు అంచు పైకి ఉండాలి. ఐదేసి చొప్పున మూడు వరుసలు, మొత్తం 15 పిన్నుల చోట్లు. కింది వరుసలో ఎడమ నుంచి రెండోది 12వ పిన్ను, కుడి చివరది 15వ పిన్ను. పట్టిక వచ్చేది ఈ రెండింటి మీదే. చవక కేబుళ్లలో ఇవి ఉండకపోవచ్చు, ఉన్నా లోపల తీగ కలిపి ఉండకపోవచ్చు. రంగులు మోసేవి పై వరుసలోని మొదటి మూడు పిన్నులు కాబట్టి బొమ్మ చక్కగా వస్తుంది, అందుకే కేబుల్ మీద అనుమానం రాదు. పరిష్కారం 15 పిన్నులూ ఉన్న కేబుల్ కొనడమే. కొనేటప్పుడు ప్లగ్గు విప్పి లెక్కపెట్టుకోండి.

మధ్య వరుసలో నాలుగోది, అంటే 9వ పిన్ను, చాలా కేబుళ్లలో లేకపోయినా పని జరిగిపోతుంది. కానీ మన దగ్గర దానికో చిక్కుంది. ఆ పిన్ను 5 వోల్టులు ఇచ్చి, మానిటర్‌కి కరెంటు లేనప్పుడు కూడా ఈడీఐడీ చిప్పును మేలుకొలుపుతుంది. సీపీయూ ఒక్కదాన్నే యూపీఎస్‌కి తగిలించి, మానిటర్‌ను మామూలు ప్లగ్గులో పెట్టిన చోట, ఈ పిన్ను లేని కేబుల్‌తో కరెంటు లేని వేళ కంప్యూటర్ తెరుచుకుంటే పట్టిక దొరకదు. కరెంటు వచ్చాక తెర వెలుగుతుంది గానీ 1024×768లోనే. రెండింటినీ యూపీఎస్‌కే తగిలించండి. కుదరకపోతే ముందు మానిటర్, తర్వాత సీపీయూ ఆన్ చేసే అలవాటు పెట్టుకోండి.

కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చటి తుప్పు పడుతుంది. రెండూ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గట్టి బ్రష్షుతో ప్లగ్గునూ పోర్టునూ తుడిచి, ఆరాక పెట్టండి.

పట్టిక అందింది, అయినా 1024×768 లేదా 800×600 దాటట్లేదు. ఇది డ్రైవర్ గొడవ. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాల దగ్గర గ్రాఫిక్స్ ఎదురుగా "ఎల్‌ఎల్‌వీఎంపైప్" అని ఉంటే గ్రాఫిక్స్ పని మొత్తం ప్రాసెసరే చేస్తోందన్నమాట. దీనికి పేరుమోసిన కారణం "నోమోడ్‌సెట్" అనే మాట. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకుంటే ఈ మాట బూట్ లైన్లో (లినక్స్ మొదలయ్యేటప్పుడు చదువుకునే సూచనల్లో) చేరి, పని అయిపోయాక కూడా అక్కడే ఉండిపోతుంది. "క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్" కొట్టి చూడండి. కనిపిస్తే "సుడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్" తెరిచి, క్వయట్ స్ప్లాష్ ఉన్న లైన్లోంచి ఆ ఒక్క మాటా తీసేసి సేవ్ చేయండి. తర్వాత "సుడో అప్‌డేట్-గ్రబ్" కొట్టి రీస్టార్ట్ చేయండి.

ఎన్‌విడియా కార్డు ఉంటే మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి, రికమెండెడ్ అని చూపించింది వేయండి. కార్డు ఉన్న బాక్సుకి కేబుల్ మదర్‌బోర్డు పోర్టులో పెట్టలేదని కూడా చూసుకోండి. కార్డు పోర్టులు బాక్సు వెనక కింది భాగంలో అడ్డంగా ఉంటాయి.

లక్షణం: 1920×1080 వస్తోంది గానీ 2560×1080 రావడం లేదు

21:9 మానిటర్ కొన్నవాళ్లకి తగిలే అసలు చిక్కు ఇదే. ఇక్కడ పిక్సెల్ క్లాక్ లెక్క తెలియాలి. సెకనుకి ఎన్ని పిక్సెళ్లు పంపాలో చెప్పే అంకె అది, మెగాహెర్ట్జ్‌లో చెబుతారు. 1920×1080కి 60 హెర్ట్జ్‌లో హెచ్‌డీఎంఐ ప్రమాణం 148.5. 2560×1080కి అదే 60 హెర్ట్జ్‌లో, గీతకీ గీతకీ, బొమ్మకీ బొమ్మకీ మధ్య వదిలే ఖాళీ సమయం తగ్గించిన లెక్కలో 181.25. తగ్గించని లెక్కలో 230.

ఇక పోర్టుల శక్తి చూద్దాం. సింగిల్ లింక్ డీవీఐ 165 దగ్గర ఆగిపోతుంది. డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి కేబుల్ వేసినా ఆ హద్దు మారదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్లలో మొదటి రకానికీ అదే 165. ఇంటెల్ కోర్ రెండు, మూడు తరాల బాక్సుల్లో లినక్స్ డ్రైవర్ హెచ్‌డీఎంఐకి 225 వరకూ ఒప్పుకుంటుంది కాబట్టి 181.25 సాఫీగా వెళుతుంది, 230 వెళ్లదు. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బాలు సాధారణంగా 1920×1080 దాటవు, వాటితో ప్రయత్నం మానుకోండి.

అందుకే మొదటి పరిష్కారం కేబుల్ మార్చడం: బాక్సుకీ మానిటర్‌కీ రెండింటికీ డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అదే వాడండి. చాలాసార్లు కథ అక్కడితో అయిపోతుంది. లేకపోతేనే చేత్తో రిజల్యూషన్ చేర్చాలి.

లినక్స్‌లో తెరమీద బొమ్మ చూపించే వ్యవస్థలు రెండున్నాయి: ఎక్స్‌ఆర్గ్, వేలాండ్. లినక్స్ మింట్ సినమన్ మామూలుగా ఎక్స్‌ఆర్గ్ మీద నడుస్తుంది. అక్కడ ముందు "ఎక్స్‌ర్యాండర్" కొట్టండి (ఎక్స్-ఆర్-ఏ-ఎన్-డి-ఆర్). కనెక్టెడ్ అన్న మాటకి ముందున్న పోర్టు పేరు రాసుకోండి. హెచ్‌డీఎంఐ-1 కావచ్చు, మధ్యలో గీత లేని హెచ్‌డీఎంఐ1 కావచ్చు. ఎక్కడో చూసిన పేరు దించేస్తే "కెనాట్ ఫైండ్" అంటుంది. తర్వాత ఒక్కో లైనూ వేరువేరుగా:

ఎక్స్‌ర్యాండర్ --న్యూమోడ్ వైడ్60 181.25 2560 2608 2640 2720 1080 1083 1093 1111 +హెచ్‌సింక్ -వీసింక్

ఎక్స్‌ర్యాండర్ --యాడ్‌మోడ్ హెచ్‌డీఎంఐ-1 వైడ్60

ఎక్స్‌ర్యాండర్ --అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ-1 --మోడ్ వైడ్60

మూడో లైను కొట్టేటప్పుడు జాగ్రత్త. తెర నల్లబడితే వెనక్కి రావడానికి దారి ముందే పెట్టుకోవాలి. ఆ లైను చివర సెమీకోలన్ పెట్టి "స్లీప్ 15", మళ్లీ సెమీకోలన్ పెట్టి "ఎక్స్‌ర్యాండర్ --అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ-1 --ఆటో" చేర్చండి. 15 సెకన్లలో తెర పాత రిజల్యూషన్‌కి వచ్చేస్తుంది. ఆ వ్యవధిలో బొమ్మ బాగుందో లేదో తెలిసిపోతుంది. బాగుంటే తోకలేని లైను కొట్టండి.

165 హద్దున్న డీవీఐ మాత్రమే దిక్కైతే 50 హెర్ట్జ్‌తో సర్దుకోవచ్చు. వైడ్50 అని పేరు పెట్టి అంకెలు ఇలా ఇవ్వండి: 150.25 2560 2608 2640 2720 1080 1083 1093 1106. చివర హెచ్‌సింక్, వీసింక్ గుర్తులు పైన చెప్పినవే. టైపు పనికి, లెక్కల పనికి 50 హెర్ట్జ్‌తో ఇబ్బంది ఉండదు. కొన్ని మానిటర్లు 50ని ఒప్పుకోక అవుట్ ఆఫ్ రేంజ్ అంటాయి.

ఇలా చేర్చింది రీస్టార్ట్ చేస్తే పోతుంది. మూడు లైన్లూ ఒక ఫైల్లో పెట్టి, స్టార్టప్ అప్లికేషన్స్‌లో ఆ ఫైలును నడిపే కమాండ్ చేర్చండి.

ఉబుంటు 24.04 మామూలుగా వేలాండ్ మీద నడుస్తుంది. అక్కడ పై మూడు లైన్లూ పనిచేయవు. తప్పు మీది కాదు, పద్ధతే వేరు. ఇందాకటి గ్రబ్ ఫైల్లో క్వయట్ స్ప్లాష్ పక్కన ఒక ఖాళీ వదిలి "వీడియో=హెచ్‌డీఎంఐ-ఏ-1:2560x1080ఎంఆర్@60" చేర్చి, అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఎంఆర్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఖాళీ సమయం తగ్గించిన లెక్క వాడమని చెప్పేది ఆ ఆర్ అక్షరమే. పోర్టు పేరులో మధ్య "ఏ" కూడా మరవొద్దు, కెర్నల్ (లినక్స్ లోపలి మూలభాగం) దగ్గర పేరు అలాగే ఉంటుంది.

లక్షణం: 3440×1440 వచ్చింది కానీ మౌస్ ఆగి ఆగి కదులుతోంది

మానిటర్ మెనూలో రిఫ్రెష్ 50 లేదా 30 అని ఉంటుంది. 3440×1440కి 60 హెర్ట్జ్‌లో 319.75 మెగాహెర్ట్జ్ కావాలి. నాలుగో తరం నుంచి ఏడో తరం దాకా ఇంటెల్ కోర్ గ్రాఫిక్స్‌కి హెచ్‌డీఎంఐ మీద హద్దు 300. 50 హెర్ట్జ్‌కి కావలసిన 265.25 మాత్రం పడుతుంది కాబట్టి అక్కడ దిగిపోతుంది. ఎన్ని కమాండ్లు కొట్టినా ఈ గోడ దాటలేరు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే సమస్యే లేదు. ఆరో తరం ఆఫీసు బాక్సు సెకండ్ హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లు వెనక ఆ పోర్టు ఉందో లేదో చూసి బేరమాడండి.

లక్షణం: నలుపు బూడిద రంగులో, రంగులు పాలిపోయి ఉన్నాయి

కంప్యూటర్ మానిటర్‌ను టీవీ అనుకుని, 0 నుంచి 255 దాకా కాకుండా 16 నుంచి 235 దాకానే రంగులు పంపుతోంది. ఫ్లెక్సీ డిజైన్ చేసేవాళ్లు దీన్ని వదిలేస్తే, పాలిపోయిన తెరకి సరిపడా రంగు చిక్కబరుస్తారు, ప్రింటు ముదురుగా వస్తుంది. మానిటర్ మెనూలో బ్లాక్ లెవెల్ గానీ, పీసీ మోడ్ గానీ ఉంటే మార్చి చూడండి. ఎక్స్‌ఆర్గ్ మీద ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే "ఎక్స్‌ర్యాండర్ --అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ-1 --సెట్ "బ్రాడ్‌కాస్ట్ ఆర్‌జీబీ" "ఫుల్"" కొట్టండి. కొటేషన్ గుర్తులు తప్పనిసరి. బ్రాడ్‌కాస్ట్‌లో బి, ఆర్‌జీబీ మొత్తం, ఫుల్‌లో ఎఫ్ పెద్ద అక్షరాలు.

ఇదే టీవీ పొరపాటు వల్ల తెర అంచులు, కింద ప్యానెల్ తెగిపోతే మానిటర్ మెనూలో జస్ట్ స్కాన్ లేదా 1:1 ఎంచుకోండి.

లక్షణం: మధ్యమధ్యలో తెర రెండు సెకన్లు నల్లబడి వస్తోంది, ప్లగ్గు ముట్టుకుంటే జివ్వుమంటోంది

కేబుల్ 10 మీటర్ల సాదా హెచ్‌డీఎంఐ అయితే ముందు 1.5 మీటర్లది పెట్టి చూడండి. ఆ జివ్వు మాత్రం వేరే సంగతి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పాత ఇళ్లలో ప్లగ్గు మూడో రంధ్రానికి ఎర్త్ తీగ ఉండదు. అప్పుడు పవర్ సప్లై లోపలి ఫిల్టర్ వల్ల బాక్సు రేకు మెయిన్స్‌లో సగం దాకా, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు తక్కువే, అయినా నడుస్తుండగా హెచ్‌డీఎంఐ దూర్చితే పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించండి. అప్పటిదాకా సీపీయూ, మానిటర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించండి. కేబుల్ పెట్టాలన్నా తీయాలన్నా బోర్డు స్విచ్ ఆపి, రెండు ప్లగ్గులూ బోర్డు నుంచి తీశాకే చేయండి.