దేవదూతల గురించి వివిధ మతాల నమ్మకాలను పోల్చి చదవడం ఎలా

దేవదూత అనగానే తెల్లని రెక్కలూ తల చుట్టూ కాంతివలయమూ కళ్ళముందు మెదులుతాయి. పోల్చి చదవదలచినవారు ముందుగా ఆ బొమ్మను పక్కన పెట్టాలి, ఎందుకంటే అది గ్రంథాలలో నుంచి కంటే చిత్రకారుల చేతుల్లో నుంచి వచ్చిందే ఎక్కువ. తొలినాటి క్రైస్తవ చిత్రాలలో దేవదూతలు రెక్కలు లేని మామూలు మనుషుల్లాగే కనిపిస్తారు. రెక్కలు 4వ శతాబ్దం చివరి భాగంలో వచ్చి చేరాయి.

చదువు పదంతో మొదలుపెట్టండి. హీబ్రూలోని 'మలాఖ్' అన్నా, గ్రీకులోని 'ఆంగెలోస్' అన్నా కబురు మోసేవాడనే అర్థం. అది ఒక పని పేరే తప్ప జాతి పేరు కాదు. ఆదికాండము 32వ అధ్యాయం తెరిస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. దారిలో యాకోబుకు దేవుని మలాఖులు ఎదురవుతారు. ఆ వెంటనే అతడు తన అన్న ఏశావు దగ్గరకు మలాఖులను పంపుతాడు. మొదటివారు పరలోకంవారు, రెండోవారు యాకోబు మనుషులు. తెలుగు అనువాదం ఒకచోట దేవదూతలనీ మరోచోట దూతలనీ రాసి మనకు మేలే చేసింది, కానీ మూలంలో మాట ఒకటేనన్న సంగతి అందులో కనబడకుండా పోయింది. ఇంకో మాట: యెషయా 6వ అధ్యాయంలో ఆరు రెక్కలతో కనిపించే సెరాపులు, యెహెజ్కేలు చూసిన నాలుగు ముఖాల కెరూబులు దేవుని సింహాసనాన్ని అంటిపెట్టుకుని ఉండేవి. ఆ దర్శనాలలో వాటిని మలాఖులని అనలేదు కాబట్టి వాటిని వేరే పేజీలో రాసుకోవడం మంచిది.

తర్వాత ఒకే కథను ఎన్నుకొని, అది ఒక మతం నుంచి మరో మతానికి వెళ్ళినప్పుడు ఎక్కడ మారిందో వెతకండి. ఇందుకు అబ్రాహాము ఇంటికి వచ్చిన అతిథుల కథను మించినది లేదు. ఆదికాండము 18వ అధ్యాయంలో ఎండవేళ గుడారం ద్వారం దగ్గర కూర్చున్న అబ్రాహాము ముగ్గురు మనుషులను చూసి, ఎదురు పరుగెత్తి, లేతదూడను వండించి, వెన్నా పాలతో సహా వారి ముందు పెడతాడు, వారు తింటారు. ఖుర్ఆన్ 11వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఇబ్రాహీం (ఈ అబ్రాహామే) కాల్చిన దూడను తెచ్చి పెడతారు, కానీ అతిథుల చేతులు దాని వైపు సాగవు. అది చూసి ఆయన మనసులో భయం కలుగుతుంది. అప్పుడు వారు తామెవరో చెబుతారు. ఇక్కడ తినకపోవడమే ఆనవాలు. ఇటు యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్, బావా మెత్సియా అనే భాగంలో, వారు తిన్నట్టు కనిపించారంతే అని సర్దిచెప్పింది. శరీరం లేనివారు ఎలా తింటారన్న ప్రశ్న ఒకటే. ఒక గ్రంథం దాన్ని పట్టించుకోలేదు, ఒకటి దాన్నే కథకు ఇరుసు చేసుకుంది, ఒకటి వ్యాఖ్యానంతో దాటింది. ఒక్క విందు ఇంత చెబుతుంది.

మూడవ పని, దూతలకు సొంత ఇష్టం ఉందా అని అడగడం. ఇస్లాంలో దైవదూతలపై విశ్వాసం ఈమాన్‌లోని, అంటే మత విశ్వాసంలోని, ఆరు మూలాంశాలలో ఒకటి. హదీసు, అంటే ప్రవక్త ముహమ్మద్ మాటల ఉల్లేఖనం, ప్రకారం వారు కాంతితో సృష్టించబడ్డారు. 66వ సూరా ప్రకారం అల్లాహ్ ఆజ్ఞను మీరరు. మరి ఆదాముకు సజ్దా (సాష్టాంగ నమస్కారం) చేయనని ఎదురుతిరిగిన ఇబ్లీస్, అంటే సైతాను, ఎవరు? 18వ సూరా అతడు జిన్నాతులనే కంటికి కనబడని మరో సృష్టిలోని వాడని చెబుతుంది, అయినా పూర్వ వ్యాఖ్యాతలలో కొందరు అతణ్ణి దూతల లెక్కలోనే వేశారు. క్రైస్తవంలో సాతాను పతనమైన దూత. 1215లో జరిగిన కతోలిక చర్చి పెద్దల నాల్గవ లాటెరన్ సభ, దయ్యాలను దేవుడు మంచివిగానే సృష్టించాడనీ అవి తమంతట తామే చెడిపోయాయనీ ప్రకటించింది. యోబు గ్రంథంలోని సాతాను మాత్రం దేవుని కొలువులో నిలబడి నేరం మోపే పాత్ర.

శ్రేణుల పట్టికలు సులభంగా దొరుకుతాయి: క్రైస్తవ సంప్రదాయంలో తొమ్మిది, మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ లెక్కలో పది. వాటిని రాసుకోండి కానీ అక్కడే ఆగిపోకండి. నేనూ మొదట్లో అలాంటి గళ్ళు నింపుతూ చాలా కాలం వృథా చేశాను.

ఒక మతంలోని వారందరూ ఒకటే నమ్ముతారనుకోవడం కూడా పొరపాటే. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయం ప్రకారం యూదులలో ఒక వర్గమైన సద్దూకయ్యులు దేవదూతలు లేరనేవారు. కతోలికులు సెప్టెంబరు 29న మిఖాయేలు, గబ్రియేలు, రఫాయేలుల పండుగ చేసుకుని వారి సహాయం కోరుతారు. ప్రొటెస్టెంట్లు సాధారణంగా దూతలను ప్రార్థించరు. రఫాయేలు కథ ఉన్న తోబీతు గ్రంథం ప్రొటెస్టెంటు బైబిలులో లేదు.

అబ్రాహాము పరంపరను దాటి వెళ్ళేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ప్రాచీన ఇరాన్‌లో పుట్టిన జరతుష్ట్ర మతంలోని అమెష స్పెంతలు సత్యం, సద్బుద్ధి వంటి గుణాల పేర్లే ధరించిన దివ్యశక్తులు. వారిని కేవలం వార్తాహరులు అనలేము. హిందూ దేవతలు పూజలందుకునేవారు గనుక వారిని దేవదూతలతో జతకట్టడం కుదరదు. పోల్చవలసింది పని చేసిపెట్టేవారిని: భాగవతంలోని అజామిళుడి కథలో అతని ప్రాణం కోసం వాదించుకునే యమదూతలనూ విష్ణుదూతలనూ, లేదా పాపపుణ్యాల లెక్క రాసే చిత్రగుప్తుణ్ణీ. మనుషుల కర్మలను నమోదు చేసే దూతల గురించి ఖుర్ఆన్ 82వ సూరా చెప్పినదాన్ని ఆ చిత్రగుప్తుడి పక్కన పెట్టి చదవవచ్చు.

బౌద్ధంలో దేవతలు కూడా పుట్టి గిట్టేవారే. అయితే అచ్చంగా 'దేవదూత' అన్న మాట పాళీ గ్రంథాలలోనే ఉంది, పైగా దాని అర్థం మనం ఊహించేది కాదు. మజ్ఝిమ నికాయం అనే బుద్ధుని ఉపదేశాల సంకలనంలోని 130వ సుత్తంలో (ఉపదేశంలో), చనిపోయి తన ముందుకు వచ్చినవాణ్ణి యమరాజు, నీకు దేవదూతలు కనిపించలేదా అని అడుగుతాడు. లేదంటాడు వాడు. ఎనభై, తొంభై ఏళ్ళు పైబడి, నడుము వంగి, కర్ర ఊతగా వణుకుతూ నడిచే మనిషినీ, రోగంతో మంచాన పడినవాణ్ణీ, శవాన్నీ ఎప్పుడూ చూడలేదా అని యముడు మళ్ళీ అడుగుతాడు. పోలిక కోసం మీరు రాసుకునే పట్టికలో దేవదూత అన్న శీర్షిక కింద దీన్ని కూడా చేర్చండి. రూపం అన్న గడిలో మాత్రం రెక్కలని రాయకుండా, ముసలితనం, రోగం, మరణం అని రాయండి.