వానలకి ముందు ఆకాశం కాదు, నేల చూడండి

నైరుతి వస్తుందంటే అందరం మబ్బుల వైపే చూస్తాం. నన్నడిగితే ముందు చూడాల్సింది కాళ్ళ కింద నేలని. అదే వాన హిమాలయాల్లో ఒకలా, పడమటి కనుమల్లో ఇంకోలా, గోదావరి లంకల్లో మరోలా దెబ్బ కొడుతుంది.

చార్‌ధామ్‌కి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. హిమాలయాలు ఇంకా పెరుగుతున్న కొండలు. సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట భారత ఫలకం (మన దేశాన్ని మోస్తూ కదిలే భూమి పైపెంకు ముక్క) ఆసియాని గుద్దుకుంది, ఆ తోపుడు ఇప్పటికీ ఆగలేదు. అందుకే అక్కడి రాయి నలిగి, పగుళ్ళు తేలి ఉంటుంది. రోడ్డు కోసం తొలిచిన చోట ఇంకా వదులు. రాత్రి ప్రయాణం వద్దు. ట్రాఫిక్ ఆగిందని అలాంటి చోట దిగి సెల్ఫీలు తీసుకోవద్దు. పైనుంచి గులకరాళ్ళు ఒకటీ అరా దొర్లుతుంటే అక్కణ్ణించి కదలండి. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ ఎగువన చోరాబారి సరస్సు గట్టు తెగి ఊరి మీద పడింది. కాబట్టి ఏటి ఒడ్డున గది తీసుకోకండి, వ్యూ పోతే పోయింది. తిరుగు టికెట్‌కి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

పడమటి కనుమల రాయి చాలా పాతది, గట్టిది. కానీ జారేది రాయి కాదు, దాని మీది మందపాటి మట్టి. రోజుల తరబడి వాన తాగి బరువెక్కి, ఒక్కసారిగా దిగిపోతుంది. 2024 జూలై 30 తెల్లవారకముందే వయనాడ్‌లోని ముండక్కై, చూరల్‌మల ఊళ్ళ మీదికి అలాగే వచ్చింది, జనం నిద్రలో ఉండగా. వాలులో కొత్త పగుళ్ళు, ఒరిగిన చెట్లు, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, తేటగా ఉండే ఊట బురదగా మారడం: వీటిలో ఏది కనిపించినా ఇల్లు వదలండి. అన్నిటికన్నా భయపడాల్సింది, వాన కురుస్తుండగానే వాగు సన్నబడటం. పైన ఎక్కడో మట్టి అడ్డుపడి నీళ్ళు నిలుస్తున్నాయన్నమాట. అప్పుడు వాగు వెంట కిందికి పరుగెత్తకండి, పక్కకి, మెరక మీదికి పోండి.

దక్కన్ పీఠభూమిలో రాతి నేల నీళ్ళు తాగదు, వాగు గంటలోనే పొంగుతుంది. కల్వర్టు మీద నీళ్ళు పారుతుంటే బండి ఆపేయడమే.

లంక గ్రామాల సంగతి వేరు. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన మట్టి. ఇక్కడ చినుకు లేకపోయినా, పైన గోదావరిలో కలిసే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగితే వరద వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోదాకా ఆగొద్దు, మొదటిదానికే పశువుల్ని మెరకకి తోలండి. ఏటిగట్టుకి బుంగ పడితే కారే నీళ్ళు దోసిట్లో పట్టి చూడండి. తేటగా ఉంటే కొంత టైం ఉన్నట్టు. ఎర్రమట్టితో వస్తుంటే గట్టు లోపల కరుగుతోంది, వెంటనే అధికారులకి చెప్పి ఊరిని లేపండి.