అప్పుల్లోంచి బయటపడాలంటే ఎలా? ముందు అన్నిటినీ రూపాయల వడ్డీలోకి మార్చుకోండి

అప్పులున్న ఇంట్లో ఎవర్నడిగినా నెలకి ఎంత కట్టాలో టక్కున చెప్పేస్తారు, మొత్తం ఎంత ఉంది, దేనికి ఎంత వడ్డీ పడుతోంది అంటే మాత్రం నీళ్లు నములుతారు. తప్పేం లేదు, బ్యాంకువాళ్లు ఏడాదికి శాతాల్లో చెప్తారు, ఊళ్లో నోటు నెలకి నూటికి రూపాయల్లో, రోజువారీ ఫైనాన్సువాడు రోజుకి వంద అంటాడు, ఇక దేన్ని దేంతో పోల్చుకుంటాం? చివరికి ఏమవుతుందంటే ఎవడు గట్టిగా అరిస్తే వాడికి ముందు కట్టేసి, నిజంగా ఇల్లు గుల్ల చేసే అప్పుని అలాగే వదిలేస్తాం.

మొదటి పని, ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒకే కాగితం మీద అన్నీ రాయండి. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే చాలా ఇళ్లల్లో ఆయన కార్డు సంగతి ఆవిడకి తెలీదు, ఆవిడ సంఘంలో తీసుకున్నది ఆయనకి తెలీదు. బ్యాంకు లోన్లు, కార్డులు, నోట్లు, తాకట్లు, చేబదుళ్లు, కిరాణా ఖాతా అన్నీ రావాలి. పాడేసుకున్న చిట్టీ కూడా అప్పే అండి, ఇంకా కట్టాల్సిన నెలలు ఎన్ని ఉంటే అంత. ఎవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే అది కింద విడిగా రాసుకోండి. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ బ్యూరోలు ఒక్కోటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇస్తాయి, తీసి చూస్తే మీరు మర్చిపోయిన పాత కార్డు బాకీ కూడా అందులో బయటపడుతుంది.

రెండోది, అన్నిటినీ రూపాయల వడ్డీలోకి మార్చడం. ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే చాలు. 12 శాతం అంటే రూపాయి వడ్డీ, 15 అయితే రూపాయి పావలా, 24 అయితే రెండు రూపాయలు. ఊళ్లో రెండు రూపాయలంటే ధర్మవడ్డీ అని చెప్పుకుంటారు గానీ రెండు లక్షల నోటుకి నెలకి 4,000 పోతుంటే అందులో ధర్మం ఎక్కడుందో నాకైతే కనపడదు. క్రెడిట్ కార్డుకి చాలాచోట్ల మూడున్నర రూపాయల దాకా ఉంటుంది, దానిమీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. కార్డులో 80,000 బాకీ ఉందనుకోండి, నెలకి వడ్డీ 2,800, జీఎస్టీ 504, మొత్తం 3,304. మినిమం డ్యూ అని నాలుగు వేలు కట్టి హమ్మయ్య అనుకుంటాం కదా, అందులో అసలుకి వెళ్లేది ఏడొందలు కూడా ఉండదు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకిన ప్రతిదానికీ మొదటి రోజు నుంచే వడ్డీ.

రెండు చోట్ల మాత్రం ఈ భాగహారం పనిచెయ్యదు. ఒకటి బండి ఫైనాన్సుల్లో చెప్పే ఫ్లాట్ వడ్డీ. లక్షకి 12 శాతం ఫ్లాట్, రెండేళ్లు అంటే మొత్తం 1,24,000, నెలకి 5,167 వస్తుంది. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతుంది కాబట్టి అసలు లెక్కలో అది రూపాయి ఎనభై పైసల వడ్డీ. రెండోది రోజువారీ ఫైనాన్సు. పదివేలని చెప్పి 1,500 ముందే కోసుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిహేను శాతమే కదా అనిపిస్తుంది, కానీ డబ్బంతా వంద రోజులూ మన దగ్గర ఉండదు, రోజూ తగ్గుతూ పోతుంది, కాబట్టి లెక్క కడితే నెలకి దాదాపు పది రూపాయల వడ్డీ తేలుతుంది. కూరగాయల బండ్ల వాళ్లూ టిఫిన్ సెంటర్ల వాళ్లూ ఏళ్ల తరబడి ఇందులోనే తిరుగుతుంటారు, ఇలాంటిది మీ కాగితం మీద ఉంటే వేరే ఆలోచన లేకుండా మొదట దాన్నే తెంపెయ్యాలి.

ఇప్పుడు కాగితాన్ని ఎక్కువ వడ్డీ నుంచి తక్కువ వడ్డీకి మళ్లీ రాయండి. అన్నిటికీ కట్టాల్సిన కనీసం కడుతూ, మిగిలిన ప్రతి రూపాయీ పైన ఉన్నదానికే వెయ్యాలి, అది తీరాక దానికి కట్టే మొత్తం కిందదానికి. చిన్న అప్పు ముందు తీర్చేస్తే ఊపు వస్తుందని కొందరంటారు, ఐదారు వేలు ఉన్నదైతే సరే తీర్చి పారెయ్యండి, కానీ రూపాయి వడ్డీ అప్పు చిన్నదని దాని వెంట పడి మూడున్నర రూపాయలది వదిలెయ్యడం నాకు నచ్చదు.

మూడోది, ఎక్కువ వడ్డీని తక్కువ వడ్డీతో మార్చుకోవడం, మనవాళ్లు వెనకాడేది ఇక్కడే. బీరువాలో గొలుసు పెట్టుకుని కార్డుకి మూడున్నర రూపాయలు కట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అదే బంగారం మీద బ్యాంకులో 9 శాతానికి, అంటే ముప్పావలా వడ్డీకి 80,000 తెచ్చి కార్డు మూసేస్తే నెలకి 3,304 పోయేచోట 600 పోతుంది. అయితే ఆ మిగిలిన 2,700 ఖర్చుపెట్టేసుకోకూడదు, గోల్డ్ లోన్ అసలుకే కట్టాలి, ఏడాది చివర్లో ఒకేసారి కడదాంలే అనుకుంటే రెన్యువల్ మీద రెన్యువల్ అయ్యి ఆఖరికి వేలం నోటీసు వస్తుంది. ఆ కార్డుని కూడా క్లోజ్ చెయ్యండి, లేదంటే లిమిటన్నా తగ్గించండి, లేకపోతే ఆరు నెలల్లో కార్డు బాకీ మళ్లీ తయారు, బంగారం కూడా తాకట్టులోనే. డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే లోన్), స్త్రీనిధి (సంఘాలకి అప్పిచ్చే సహకార సంస్థ) డబ్బులు ఊళ్లో నోటుకంటే చాలా చవక, వాటిని నోటు తీర్చడానికి వాడుకోండి, ఫ్రిజ్ కొనడానికి కాదు. చిట్టీ పాడి అప్పు తీర్చేద్దాం అనుకుంటే రిజిస్టర్ అయిన చిట్టీ అయితేనే, అదీ సగం నెలలు దాటాక. మొదట్లోనే 30 శాతం వదులుకుని పాడితే అది కూడా పెద్ద వడ్డీ అప్పే, పేరొకటే వేరు.

ఇంకో మాట, ఊరవతల రెండొందల గజాల ప్లాట్ ఉంచుకుని అమ్మితే పరువు పోతుందని ఐదు లక్షల నోట్లకి రెండు రూపాయలు కడుతూ ఉంటారు. ఏడాదికి 1,20,000 వడ్డీ. ఆ ప్లాటు ఏడాదికి అంత పెరుగుతుందా అని ఒకసారి నిజాయితీగా అడుక్కోండి, పెరగకపోతే అమ్మెయ్యడమే నయం.

అప్పిచ్చినవాళ్లతో ఫోన్ ఎత్తకుండా తిరగడం కంటే మీరే ముందెళ్లి మాట్లాడటం మేలు. "అన్నా, వడ్డీ రూపాయిన్నర చెయ్యి, నెలకి ఐదు వేలు అసలు కూడా కలిపి కడతా" అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకి కావాల్సింది కూడా డబ్బు తిరిగి రావడమే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి, వడ్డీ కిందా అసలు కిందా అనేది అందులో ఉండాలి. నోటు వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఫోటో తీసుకోండి, వీలైతే ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో కట్టండి. ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే నంబర్లు రాసి పెట్టుకోండి. బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నది ఉంటే దానికి వడ్డీ లేదు కదా అని అట్టడుగున పడెయ్యకండి, నెలకి వెయ్యో రెండు వేలో ఇస్తూ ఉంటే రేపు ఆస్పత్రి అవసరం వచ్చినప్పుడు మళ్లీ అడగడానికి మొహం ఉంటుంది.

యాప్ లోన్ల జోలికి అసలు పోవద్దు. ఇప్పటికే తీసుకుని ఫోటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ కంప్లైంట్ ఇవ్వండి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, బంధువుల ముందు పరువు తియ్యకూడదు. అలా చేస్తే ముందు ఆ బ్యాంకుకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, వాళ్ల నంబర్ 14448.

ఇక ఇంటి ఖర్చు. నెల ఖర్చులు రాసుకోమని అందరూ చెప్తారు, నిజానికి మధ్యతరగతి ఇల్లు కూలేది పాలు కూరగాయల దగ్గర కాదు, ఏడాదికోసారి వచ్చేవాటి దగ్గర. జూన్‌లో స్కూలు ఫీజులు, దసరా, సంక్రాంతి, బండి ఇన్సూరెన్సు, మాఘంలో శ్రావణంలో పెళ్లిళ్ల చదివింపులు, ఇవన్నీ వస్తాయని తెలిసి కూడా ప్రతిసారీ అప్పు చేస్తాం. అన్నీ కలిపి ఏడాదికి 72,000 అయితే నెలకి ఆరు వేలు. జీతం పడిన రోజే ఆ ఆరు వేలు ఏటీఎం కార్డు, యూపీఐ లేని వేరే సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లిపోవాలి. చదివింపుల్లో మాత్రం కాస్త మొహమాటం చంపుకోండి, వెయ్యినూటపదహార్లు పెట్టేచోట ఐదొందల పదహార్లు పెడితే ఎవరూ మీ గురించి ఏడాదంతా మాట్లాడుకోరు. దీంతో పాటు ఒక నెల ఇంటి ఖర్చుకి సరిపడా డబ్బు అప్పు తీరకముందే పక్కన పెట్టుకోండి, వడ్డీ కడుతూ దాచుకోవడం తెలివితక్కువ అనిపిస్తుంది గానీ అది లేకపోతే పిల్లాడికి జ్వరమొచ్చిన రోజే మళ్లీ కార్డు బయటికొస్తుంది.

చివరి వాయిదా కట్టాక కాగితాలు. బ్యాంకు లోనైతే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, నెలన్నర రెండు నెలలయ్యాక సిబిల్‌లో 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూడండి. తగ్గించి సెటిల్‌మెంట్ చేసుకుంటే 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత హోమ్ లోన్‌కి వెళ్లినప్పుడు అదే అడ్డం వస్తుంది, కాబట్టి కట్టగలిగే స్థితి ఉంటే పూర్తిగానే కట్టండి. బండికైతే ఫైనాన్సువాళ్ల ఎన్‌ఓసీ తెచ్చి ఆర్టీవోలో ఆర్సీ మీద హైపోథికేషన్ (బండి ఫైనాన్సులో ఉందనే రాత) తీయించాలి. ఇంటి దస్తావేజులు తనఖా పెట్టి ఉంటే పూర్తిగా కట్టిన 30 రోజుల్లోపు బ్యాంకు తిరిగివ్వాలి, వాళ్లవల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకే ఇవ్వాలి, ఇది 2023 డిసెంబర్ నుంచి ఉన్న రూలు. ఊళ్లో నోటైతే మొత్తం ముట్టినట్టు దానిమీద రాయించి, సంతకం పెట్టించి, ఒరిజినల్ నోటూ చెక్కులూ అక్కడికక్కడే చేతికి తీసుకుని రండి. "బీరువా తాళం మా అమ్మాయి దగ్గరుంది, రేపు పంపిస్తాలే" అంటే, చివరి ఐదు వేలు కూడా రేపే ఇస్తానని చెప్పి వచ్చెయ్యండి.