గండికోటలో తెల్లారేసరికి లోయ అంచున ఉండండి
చాలామంది గండికోటకి మిట్టమధ్యాహ్నం చేరి, ఎండకి కళ్లు చిట్లించుకుని నాలుగు ఫోటోలు తీసుకుని, ఇంతేనా అనుకుంటూ వెళ్లిపోతారు. అలా చేయకండి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లే కాబట్టి ముందు రోజు రాత్రికే ఊరు చేరి పడుకుని, ఇంకా చీకటి ఉండగానే టార్చి పట్టుకుని మసీదు దాటి పెన్నా లోయ వైపు నడిస్తే, ఎర్రరాళ్ల మీద మొదటి వెలుగు పడటం, ఎక్కడో కింద నది మెల్లగా కనపడటం మొదలవడం, ఆ పది నిమిషాల కోసమే ఇంత దూరం రావచ్చు అనిపిస్తుంది.

దారి అంతా బండరాళ్లే, బూట్లు వేసుకోండి. మా బావ వద్దంటున్నా చెప్పులతో వచ్చాడు, అందులో ఒకటి ఇప్పటికీ లోయలోనే ఉంది. చాలాచోట్ల అంచుకి కంచె ఉండదు, పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు, గాలి గట్టిగా వీస్తుంటే సెల్ఫీలు మానేయండి.

ఎండెక్కాక మాధవరాయస్వామి గుడి గోపురం, పాత ధాన్యాగారం చూసుకోవచ్చు. నీళ్ల సీసాలు మీరే తెచ్చుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కడప ఎండ సంగతి తెలిసిందేగా. మధ్యాహ్నం నుంచి ఖాళీ ఉంటే బెలుం గుహలు కూడా చూసి రావచ్చు, కాకపోతే సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి కాస్త ముందే బయల్దేరండి.