లక్ష దాటిన కారుకు ఒక నోటుబుక్కు

నా కారు 2013 నాటి స్విఫ్ట్ డీజిల్. 2021 నవంబరులో, మీటరు మీద 1,18,000 ఉన్నప్పుడు కొన్నాను. ఇప్పుడు 1,86,000 దాటింది. కర్నూలు నుంచి వెల్దుర్తి వైపు ఉన్న మా హైస్కూలుకు రానూపోనూ 70 కిలోమీటర్లు. ఏడాదికి 220 పనిదినాలు వేసుకుంటే ఒక్క బడికే 15,400. కారు పుస్తకంలో 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందు వస్తే అప్పుడు సర్వీసు చేయించమని ఉంటుంది. నా తిరుగుడుకు అది ఎనిమిది నెలలు కూడా నిండకుండానే వస్తుంది.

కొన్నప్పుడు అమ్మినవాళ్లు "అన్నీ చేయించే ఉన్నాయి, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు" అన్నారు. నమ్మాను. 2022 ఏప్రిల్‌లో ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు హైవే మీద ఇంటికి వస్తుంటే ఇంజన్ వేడి హెచ్చరిక లైటు ఎర్రగా వెలిగింది. పక్కకు తీసి ఆపేశాను. బానెట్ ఎత్తగానే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. వెనక ఆగిన లారీ డ్రైవరు పరిగెత్తుకొచ్చి, "అమ్మా, మూత ముట్టుకోవద్దు, చెయ్యి కాలిపోతుంది. గంటసేపు వదిలెయ్" అన్నాడు. ఆ మాట ఎన్నటికీ మరిచిపోను. చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, లేదు. ఇటుక పొడి కలిపినట్టున్న నీళ్లు. ఎవరో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. వాటర్ హీటర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చు తెలుసు కదా, అదే రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంది. ఇంకో ఐదు కిలోమీటర్లు నడిపి ఉంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయేదని షెడ్డులో చెప్పారు.

ఆ రోజు సాయంత్రం ఒక 200 పేజీల నోటుబుక్కు కొని డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. కాగితం మీద రుజువు లేని పని జరగనట్టే లెక్క, పాత కారు కొన్నవాళ్లెవరైనా ఈ లెక్కతోనే మొదలుపెట్టండి. కారు వయసు మీటరులో ఉంటుంది గానీ దాని మెయింటెనెన్స్ వయసు మీరు కొన్న రోజు నుంచే మొదలవుతుంది. అమ్మినవాళ్ల మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. చాలామందికి తమ బండిలో ఏం మార్చారో నిజంగానే గుర్తుండదు.

కొన్న వారంలోనే

ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ అయితే ఫ్యూయెల్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, గేర్ ఆయిల్. ఈ ఏడూ ఒకేసారి మార్పించి, మీటరు రీడింగుతో తేదీ రాసుకోండి. పెట్రోల్ కారైతే స్పార్క్ ప్లగ్గులు కూడా విప్పించి చూడండి. ఒక్కసారిగా ఇంత ఖర్చా అనిపిస్తుంది. కానీ ఆ రోజు నుంచి ప్రతి దాని వయసూ మీకు కచ్చితంగా తెలుస్తుంది. కారు ధర మాట్లాడుకునేటప్పుడే ఈ మొత్తాన్ని కలుపుకుని బేరం చేయండి. నేను ఆ పని చేయలేదు, మీరైనా చేయండి.

కూలెంట్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, మన ఎండలకు కార్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. పాతది పూర్తిగా వంపించి, శుభ్రమైన నీళ్లతో రెండు మూడుసార్లు కడిగించాలి. కూలెంట్ గాఢంగా ఉన్నది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపాలి, కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు ఏవీ వద్దు. అదే రోజు రేడియేటర్ మూత కూడా కొత్తది వేయించండి. మా పిల్లలకు ప్రెషర్ కుక్కరు పాఠం చెప్పేటప్పుడు ఇదే చెప్తాను: ఒత్తిడి పెరిగితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. కుక్కరు మూతకున్న రబ్బరు పాడైతే ఒత్తిడి నిలవనట్టే, రేడియేటర్ మూతలోని రబ్బరు ఎండిపోతే కూలెంట్ తొందరగా మరిగిపోతుంది. తక్కువ ధరలో వచ్చే ఆ మూత వల్ల ఇంజన్ మొత్తం ప్రమాదంలో పడుతుంది. వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌ను కూడా ఈ సందర్భంలోనే చూపించండి. తర్వాత మార్పు ఎప్పుడన్నది మీరు వాడే కూలెంట్ డబ్బా మీదా, కారు పుస్తకంలోనూ ఉంటుంది.

బ్రేక్ ఫ్లూయిడ్‌దీ ఇలాంటి కథే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువయ్యే కొద్దీ మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాగి, లోపల ఆవిరి బుడగలు పుడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. నల్లమల దారిలో శ్రీశైలం వెళ్లివచ్చేవాళ్లు దీన్ని అసలు అశ్రద్ధ చేయొద్దు. రెండేళ్లకోసారి మార్చడం మంచిది. డాట్ 3 పోయాలా, డాట్ 4 పోయాలా అన్నది కారులో బ్రేక్ ఫ్లూయిడ్ పోసే డబ్బీ మూత మీదే ముద్రించి ఉంటుంది.

టైమింగ్ చైన్ ఉందా, బెల్టు ఉందా?

ఏ పాత కారుకైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి తగలకుండా లయలో కదిలేలా కలిపి తిప్పేది ఇదే. మా స్విఫ్ట్ డీజిల్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది. మా తమ్ముడిది డస్టర్ డీజిల్, దానికి టైమింగ్ బెల్టు. బెల్టు రబ్బరుది, దానికి ఆయుష్షు లెక్క ఉంటుంది. తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. అది రిపేరులా ఉండదు, ఇంజన్ మళ్లీ కట్టించినంత పని. బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే కొన్న నెలలోనే మార్పించేయండి. తమ్ముడి చేత అదే చేయించాను. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు కూడా వేయించమన్నాను. ఆ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది ఆ బెల్టే. పంపు రేపు పోతే మళ్లీ అంతా విప్పాలి, కూలి రెండుసార్లు ఇవ్వాలి.

చైన్‌కు ఇన్ని వేలకు మార్చాలన్న గడువు మామూలుగా ఉండదు. అలాగని వదిలేయకూడదు. చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడి మీద పనిచేస్తుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చినా, మట్టం తగ్గినా చైన్ అరిగి సాగుతుంది. ఉదయం చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గలగలమని రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు శబ్దం వస్తే, చైన్ చూపించాలి. దీని కోసం నేను మిట్టమధ్యాహ్నం బండి తీసుకెళ్తే మా మెకానిక్ భాయ్ ఒప్పుకోలేదు. "వేడి మీదున్న బండిలో ఏం వినిపిస్తుంది మేడమ్? రాత్రికి ఇక్కడే వదలండి, తెల్లారి నేనే స్టార్ట్ చేసి వింటా" అన్నాడు. అలా చెప్పే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

ఆదివారం పది నిమిషాలు

డిప్‌స్టిక్, అంటే ఇంజన్ ఆయిల్ మట్టం చూపే కడ్డీ, చూడటం నేర్చుకోండి, ఇందులో కష్టమేమీ లేదు. సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగండి. కడ్డీ బయటికి లాగి నూలు గుడ్డతో తుడవండి. మళ్లీ పూర్తిగా లోపలికి దించి తీయండి. ఆయిల్ తడి రెండు గీతల మధ్య ఉండాలి. నేను పై గీతకు దగ్గరగా ఉంచుతాను. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనే. చూడాల్సింది మట్టం. లక్ష దాటిన ఇంజన్ కొంచెం ఆయిల్ తాగడం మామూలే, అయితే ఎంత తాగుతోందో మీకు తెలియాలి. పోసిన ప్రతిసారీ ఎన్ని మిల్లీలీటర్లో నోటుబుక్కులో రాయండి. కిందటి నెలతో పోలిస్తే ఒక్కసారిగా పెరిగిందంటే షెడ్డుకు వెళ్లాలి. పోయకుండానే మట్టం పెరిగితే ఇంకా ప్రమాదం, ఆయిల్‌లో డీజిలో కూలెంటో కలుస్తోందన్నమాట. ఆయిల్ పోసే మూత లోపలి వైపు మీగడలాంటి పదార్థం కనిపించినా అనుమానించాలి.

పాత బండికి చిక్కటి ఆయిల్ పోయాలని చాలామంది సలహా ఇస్తారు. నాకు అది నచ్చదు. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బోకూ, చైన్ టెన్షనర్‌కూ ఆయిల్ వెంటనే అందాలి. చిక్కటిది అక్కడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. కారు పుస్తకంలో రాసిన గ్రేడే వాడుతున్నాను. హైవే మీద నుంచి వచ్చి ఆపేటప్పుడు నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచి తాళం తిప్పుతాను, టర్బోకు అదే మంచిది.

ఆదివారమే టైర్ల గాలి కూడా, ఉదయం బండి చల్లగా ఉన్నప్పుడు. ఎంత పట్టాలో డ్రైవర్ డోర్ తెరిస్తే స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం ఒప్పుకోదు. వర్షాకాలం ముందు నేను అంతదాకా కూడా ఆగను.

పది వేల క్రమం

ప్రతి 10,000కు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఉన్న టైర్లనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం (రొటేషన్), వీల్ అలైన్‌మెంట్. ఎయిర్ ఫిల్టర్‌ను పుస్తకం చెప్పిన గడువు కంటే చాలా ముందే మార్చేస్తాను. మా దారిలో సగం దూరం నాపరాళ్ల లారీల దుమ్ములోనే. డీజిల్ ఫిల్టర్‌లో అడుగున చేరే నీటిని తీయించడం మరవొద్దు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి నీరు వెళ్తే వాటి బాగుచేత చాలా ఖరీదైన వ్యవహారం.

ప్రతి 20,000కు ముందు చక్రాలు విప్పించి బ్రేక్ ప్యాడ్లు, వెనక డ్రమ్ములు తెరిపించి లైనర్లు చూడాలి. ప్యాడ్ మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయడమే, డిస్కును గీరేదాకా ఆగొద్దు. ఫ్యాన్ బెల్టును వెనక్కి మడిచి పగుళ్లు చూడాలి. రేడియేటర్ హోస్ పైపుల్ని చల్లగా ఉన్నప్పుడు చేత్తో నొక్కాలి. ఉబ్బి మెత్తబడినా, చెక్కలా గట్టిపడినా మార్చాలి. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు టక్ టక్‌మంటే సస్పెన్షన్‌లోని లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు చూపించండి.

40,000కు గేర్ ఆయిల్. డీజిల్ బండి పికప్ తగ్గి నల్లపొగ వదులుతుంటే ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపేది) విప్పించి మసి తీయించాలి. క్లచ్‌కు గడువంటూ లేదు, నడిపే చేతిని బట్టి ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 స్పీడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ గొంతు లేచి, బండి మాత్రం లేవకపోతే ప్లేట్లు అయిపోయాయి. మాది 1,52,000 దగ్గర మార్చాం.

బ్యాటరీని నేనే మల్టీమీటరుతో చూసుకుంటాను. రాత్రంతా నిలిపిన బండిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య. నడుస్తున్నప్పుడు కూడా 13కు తక్కువే చూపిస్తే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించాలి.

డబ్బు విషయానికి వస్తే, నెలకు 1,500 రూపాయలు కారు పేరున వేరే ఖాతాలో వేస్తాను. సర్వీసు నెలలో అప్పు చేయాల్సిన అవసరం రావడం లేదు. పెద్ద ఖర్చు ముందుకు వచ్చినప్పుడు ఆర్‌సీ తేదీ కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. నాది 2028లో ముగుస్తుంది. ఇంకా చాలాకాలం నడపాలన్న ఇష్టంతోనే క్లచ్, షాక్ అబ్జార్బర్లు మార్పించాను. అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ఆ ఖర్చుకు ముందు లెక్క వేసుకోండి.

సర్వీసు అయ్యాక షెడ్డు నుంచి కదిలే ముందు బానెట్ ఎత్తి ఆయిల్ మూత బిగించారా, డిప్‌స్టిక్ లోపల ఉందా, కూలెంట్ గీత దగ్గర ఉందా చూడండి. వీల్ నట్లు మీ కళ్ల ముందే మరోసారి బిగించమనండి. పాత ఫిల్టర్లు చూపించమని అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు. ఇంటికి వచ్చాక ఆ రాత్రి ఇంజన్ కింద ఒక తెల్లటి అట్టముక్క పరచండి. తెల్లారి దాని మీద మచ్చలు చూడండి. మామూలు నీటి చుక్కలైతే ఏసీవి. నల్లటి జిడ్డు అయితే ఆయిల్, డ్రెయిన్ బోల్టు వాషర్ చూపించాలి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో అంటుకుంటే కూలెంట్. చక్రం దగ్గర పల్చగా, లేత పసుపు రంగులో జిడ్డుగా కనిపిస్తే అది బ్రేక్ ఫ్లూయిడ్. ఆ రోజు బండి తీయకండి, మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి.