పొదుపు సంఘం మీటింగ్ ఎలా నడపాలి?

పదిమందీ లీడర్ ఇంటికొచ్చి, డబ్బు కట్టి, సంతకం పెట్టి వెళ్లిపోతే అది మీటింగ్ కాదు. బ్యాంకు లింకేజీకి, అంటే సంఘానికి బ్యాంకు అప్పు ఇవ్వడానికి, చూసే పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, పుస్తకాల నిర్వహణ అనే మిగతా నాలుగూ సరిగ్గా సాగాలన్నా అందరూ కలిసి కూర్చోవాల్సిందే.

1. మీటింగ్ ఏ రోజు, ఏ వేళకో ఖాయం చేసుకోండి. నాట్లు, కోతల రోజుల్లో పగలు ఎవరికీ వీలుకాదు, రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి.

2. అందరూ గుండ్రంగా కింద కూర్చోండి. హాజరు వేసి, పోయినసారి తీర్మానాలు చదవండి. కాని పనులు ఎందుకు కాలేదో అప్పుడే అడగండి.

3. పొదుపు, వాయిదా సొమ్ము అందరి మధ్యలో పెట్టించండి. కట్టేవాళ్లు ఎంత కడుతున్నారో పైకి చెప్పాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు పాస్‌పుస్తకంలో రాయాలి. కట్టలేనివాళ్లను నలుగురిలో నిలదీయకండి. అవమానపడ్డ మనిషి మళ్లీ మీటింగ్‌కు రాదు. “ఎప్పటికి సర్దగలవు వదినా?” అని అడిగి, ఆ తేదీ రాసుకోండి.

4. ఎక్కువ సమయం అప్పుల మీదే పెట్టండి. అడిగే సభ్యురాలే అవసరం ఏమిటో, ఎంత కావాలో, ఎన్ని వాయిదాల్లో తీరుస్తుందో చెప్పాలి. లీడర్ ముందే “ఇద్దాంలే” అనేస్తే మిగతావాళ్లు నోరు విప్పరు. అందుకే ఎప్పుడూ మాట్లాడనివాళ్లను ముందు అడగండి, లీడర్ చివర్లో చెప్పాలి. ఉన్న డబ్బు ఒక్కరికే సరిపోయి, ఒకరికి ఆసుపత్రి ఖర్చు, ఇంకొకరికి ఫ్రిజ్ కావాల్సి వస్తే, ఆసుపత్రికే ముందు ఇవ్వాలని నేనంటాను. లీడరే అప్పు అడిగితే ఆ చర్చ రెండో లీడర్ నడపాలి.

5. తీర్మానం అక్కడే రాయించి, పైకి చదివించి, ఆ తర్వాతే సంతకాలు పెట్టండి. చదవడం రానివాళ్లకు ఈ చదివి వినిపించడమే రక్షణ. “ఖాళీ పేజీలో సంతకం పెట్టండక్కా, తర్వాత రాస్తా” అని ఎవరన్నా, పుస్తకాలు రాసే వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు) అయినా సరే, ఒప్పుకోకండి. వీఓఏ రాకపోతే చదువొచ్చిన సభ్యురాలు రాయొచ్చు.

లేచేముందు చేతిలో మిగిలిన నగదు ఎంతో, ఎవరి దగ్గర ఉంటుందో, ఏ రోజు బ్యాంకులో వేస్తారో కూడా తీర్మానంలో రాయించండి.